ఎంగిలి జవాబు

కౌంటరులో కొత్తగా కూర్చోబెట్టిన అమ్మాయికి ఓపిక బొత్తిగా లేదు. తెర మీద చక్రం గిర్రున తిరగడం మొదలవగానే 'రద్దు' నొక్కేస్తుంది, మళ్ళీ నంబరు కొడుతుంది. ఆ అమ్మాయిని అని ఏం లాభం? అద్దానికి అవతల వరసలో నిలబడ్డవాళ్ళు ఒకళ్ళ భుజం మీంచి ఒకళ్ళు తొంగి చూస్తున్నారు. పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చి రక్తం ఇచ్చినవాళ్ళు. రిపోర్టు చేతిలో పడితే తప్ప అక్కణ్ణించి కదలరు. ఆకలి మీదున్న మనిషికి తిరిగే చక్రాన్ని చూపిస్తే ఒళ్ళు మండదా మరి?

ఆ అమ్మాయి వెనకాల కుర్చీలో, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నావిడని వాళ్ళ ఆఫీసులో అందరూ చీపురక్క అంటారు. ఎదురుగానే అంటారు, ఆవిడ పలుకుతుంది కూడా. పాతబడి చిక్కుపడిపోయిన ప్రోగ్రాముల్ని విప్పి, దులిపి, మళ్ళీ పద్ధతిగా సర్దిపెట్టడం ఆవిడ పని. కొత్తవి రాసేవాళ్ళకి చప్పట్లు, సర్దేవాళ్ళకి మారుపేర్లు! ఆవిడ అది ఎప్పుడో అలవాటు చేసుకుంది.

ఆవిడ కంపెనీ తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఎవరికీ కనపడదు. కౌంటర్లలో తెరలు ఒకవైపు, వివరాలన్నీ దాచుకున్న డేటాబేస్ ఒకవైపు, మధ్యలో ఇది. ప్రాక్సీ అంటారు. డేటాబేస్‌తో మాట్లాడటానికి ఉండే లైన్లు కొన్నే. అడిగేవాళ్ళు మాత్రం బోలెడుమంది. అడిగినవాళ్ళకల్లా ఒక లైను అరువిచ్చి, వాళ్ళ ప్రశ్న పంపించి, జవాబు తెచ్చిచ్చి, ఆ లైన్ని వెనక్కి తీసుకుని ఇంకొకళ్ళకి ఇస్తూ ఉంటుంది. టీ కొట్టువాడు ఉన్న కాసిని గ్లాసుల్నే తిప్పి తిప్పి ఊరందరికీ టీ పోసినట్టు.

ఈ రక్తపరీక్షల కేంద్రంలో కిందటి వారం ఒక ఘోరం జరిగింది. ఒకాయన రిపోర్టు మీద పేరు ఆయనదే, వయసు ఆయనదే, లోపలి అంకెలు మాత్రం ఇంకెవరివో. ఆ అంకెలు నమ్మి డాక్టరు మందు పెంచాడు. ఆయన కళ్ళు తిరిగి మెట్ల మీంచి పడ్డాడు. ఆస్పత్రిలో పెట్టి ఎలాగో గట్టెక్కించారు. తీరా కేంద్రంవాళ్ళు కంప్యూటర్ తెరిచి చూస్తే అందులో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కాగితం మీదే తప్పు. ఇంకేముంది, ఆ కాగితం అచ్చుతీసి ఇచ్చిన కౌంటరావిడ మీద పడ్డారు. పేర్లలో అక్షరదోషాలు దిద్దడానికి ఆవిడకి అనుమతి ఉంది. ఆ అనుమతితోనే అంకెలు కూడా కెలికేసిందనీ, గొడవ బయటికి రాగానే భయపడి మళ్ళీ యథాస్థానంలో పెట్టేసిందనీ తేల్చారు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు.

"కంప్యూటర్లో సరిగ్గా ఉంది, కాగితం మీద తప్పుంది. మధ్యలో ఉన్నదెవరండీ? ఆవిడే కదా!" అన్నాడు కేంద్రం మేనేజరు. "శనివారం విచారణ పెట్టాం. ఏళ్ళ తరబడి చేసిన మనిషి, మాకూ బాధగానే ఉంది. మీరు కూడా ఒకసారి చూసేసి, మీ వైపు ఏమీ లేదని చెప్పేస్తే ఒక పని అయిపోతుంది."

చూసేసి, చెప్పేస్తే. వాళ్ళకేం కావాలో ఆ మాటల్లోనే తెలుస్తోంది. అయినా చీపురక్క నిజాయితీగానే చూసింది. మంగళవారం పొద్దున వచ్చింది మధ్యాహ్నం దాకా కదల్లేదు. అచ్చయిన ప్రతి రిపోర్టునీ తెరతో పోల్చింది. ఆ అమ్మాయి రద్దు కొట్టడం, మళ్ళీ కొట్టడం కళ్ళారా చూస్తూనే ఉంది. ఒక్క అంకె తేడా రాలేదు.

వెళ్ళేటప్పుడు వరండాలో కౌంటరావిడ కనపడింది. విచారణ తేలేదాకా రోజూ రావాలట, కంప్యూటర్ మాత్రం ముట్టుకోకూడదట. బెంచీ మీద కూర్చుని సీసాలకి అంటించే చీటీలు కత్తిరిస్తోంది. వచ్చేపోయేవాళ్ళకి అలవాటుకొద్దీ దారి కూడా చెబుతోంది. "చొక్కా చెయ్యి పైకి మడుచుకో నాయనా, లోపలికెళ్ళాక తడుముకుంటే లేటవుతుంది. అమ్మా, మీరు ఆ గది కాదు, ఈ గది." యాభై దాటిన మనిషి, గట్టి గొంతు.

"కంప్యూటర్ వాళ్ళు మీరేనా?" అని అడిగింది కత్తెర ఆపి.

"అవునండీ."

"ఏమైనా దొరికిందా?"

"మా వైపు అంతా బాగానే ఉందండీ."

ఆవిడ కత్తెర పక్కన పెట్టింది. "నేను పేరు చూశానమ్మా, నంబరు చూశాను. చూసే ఇచ్చాను. లోపలి అంకెలు చూడ్డానికి నేనేమైనా డాక్టర్నా?" అంది. చీపురక్క ఏదో సర్దిచెప్పబోయింది గానీ ఈలోపు ఎవరో వచ్చి ఎక్స్‌రే గది ఎటని అడిగితే కౌంటరావిడ లేచి చూపించడానికి వెళ్ళిపోయింది.

*

ఆ వారమంతా చీపురక్క చేతిలో ఉన్న పని, ప్రాక్సీలో లైన్లు ఇచ్చిపుచ్చుకునే భాగాన్ని శుభ్రం చెయ్యడం. కంపెనీ యజమాని మొదట్లో తన చేత్తో రాసిన భాగమది. ఆయన్ని అందరూ సుడిగాలి అంటారు, ఈ పేరు మాత్రం చాటుగానే. నడక వేగం, మాట వేగం, టీ కూడా వేడిగానే గటగటా తాగేస్తాడు. "మన ప్రాక్సీకన్నా వేగంగా పనిచేసేది చూపించండి, మీసం తీయించుకుంటా" అని కొనేవాళ్ళ దగ్గర సవాళ్ళు విసురుతాడు. ఆయనకి మీసమే లేదు. మనిషి చెడ్డవాడు కాదు, ఒకళ్ళకి ఒంట్లో బాగాలేదంటే తన కారులో ఇంటికి దింపి వస్తాడు. కానీ ఆ వేగం జోలికెవరైనా వెళ్ళారో, అయిపోయారన్నమాటే.

చీపురక్కకీ ఒక సూత్రం ఉంది. ముందు శుభ్రం, తర్వాత మరమ్మతు. శుభ్రం చేసేటప్పుడు ప్రోగ్రాము నడక వెంట్రుకవాసి కూడా మారకూడదు. తప్పు కనపడిందా, పక్కన పెట్టుకో. సర్దడం పూర్తయ్యాక అప్పుడు దాని పనిపట్టు. రెండూ కలిపేశావంటే రేపు ఏదైనా చెడితే ఎందుకు చెడిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. కొత్తగా చేరినవాళ్ళందరికీ మొదటిరోజే ఈ పాఠం చెబుతుంది. మంచి సూత్రమే, దాన్ని అనడానికేమీ లేదు. ఆ సూత్రం వల్ల ఎన్నోసార్లు ఆ ఆఫీసు పరువు నిలబడింది.

గురువారం పొద్దున రెండు ముక్కల్ని పక్కపక్కన తెరిచిపెట్టుకుంది. రెండూ లైన్ని వెనక్కి తీసుకునేవే. ఒకటి మామూలు వాపసు: అడిగినవాడు జవాబు పుచ్చుకుని మర్యాదగా వెళ్ళిపోయినప్పుడు నడిచేది. రెండోది తొందర వాపసు: అడిగినవాడు మధ్యలో రద్దు కొట్టి లేచిపోయినప్పుడు నడిచేది. చూడ్డానికి కవలపిల్లల్లా ఉన్నాయి. ఇలాంటి కవలలు కనపడితే చీపురక్క ప్రాణం లేచొస్తుంది, రెంటినీ కలిపి ఒకటి చేసెయ్యొచ్చు. తెర మీద వేలు పెట్టి వరస తర్వాత వరస పోల్చుకుంటూ దిగింది. అడుగున వేలు ఆగిపోయింది. మామూలు వాపసులో ఉన్న ఒక్క వరస తొందర వాపసులో లేదు. లైన్లో ఇంకా జవాబేమైనా మిగిలి ఉంటే పారబోసే వరస అది.

సుడిగాలి దాన్నెందుకు వదిలేశాడో ఇట్టే అర్థమైంది. మిగిలిన జవాబు వచ్చేదాకా కాచుక్కూర్చుంటే ఆలస్యం. రద్దు కొట్టి పోయినవాడికి జవాబుతో పనేముంది అనుకుని ఉంటాడు. వాడికి పనిలేదు, నిజమే. ఆ సంగతి డేటాబేస్‌కి తెలియొద్దూ? అది పాపం వెతికి వెతికి జవాబు తెచ్చి ఆ లైన్లోనే పంపేస్తుంది. అప్పటికే ఆ లైను ఇంకొకరి చేతిలో ఉంటుంది.

మంగళవారం చూసిన అమ్మాయి వేలు కళ్ళముందు ఆడింది. రద్దు, మళ్ళీ నంబరు. రద్దు, మళ్ళీ నంబరు. చీపురక్క కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చింది. కూర్చుంది, మళ్ళీ లేచింది. పక్క సీట్లో పరీక్షలు చేసే ఆవిడ "ఏంటక్కా, కుర్చీలో మేకులున్నాయా?" అని నవ్వింది. చీపురక్కకి నవ్వు రాలేదు.

అనుమానం వేరు, రుజువు వేరు. ఇద్దరు ఉత్తుత్తి మనుషుల్ని సృష్టించి చిన్న పరీక్ష రాసింది. మొదటివాడు బెండకాయ అడిగి, రద్దు కొట్టి పారిపోవాలి. రెండోవాడు అదే లైన్లో దొండకాయ అడగాలి. నడిపితే దొండకాయే వచ్చింది. మళ్ళీ నడిపింది, మళ్ళీ దొండకాయే. అమ్మయ్య అనుకోబోయి, ఒక్క మార్పు చేసింది: మొదటివాడు పారిపోయేది అడగ్గానే కాదు, జవాబు బయల్దేరాక, ఇంకా చేరకముందు. నడిపింది. దొండకాయ అడిగినవాడి చేతిలో బెండకాయ పడింది.

ఇంకోసారి చూద్దామని మళ్ళీ నడిపింది. బెండకాయే. ఆ వెంటనే ప్రాక్సీ చేసిన ఘనకార్యం కూడా చూసింది. ఒక జవాబు ఎక్కువైందని పసిగట్టగానే ఆ లైన్ని చడీచప్పుడు లేకుండా తెంపేసి కొత్తది తెచ్చుకుంది. ఇక ఎవరొచ్చి చూసినా అన్నీ సవ్యంగానే కనపడతాయి. పేరు ఒక లైన్లో, అంకెలు ఇంకో లైన్లో వస్తాయి కాబట్టి పేరు సరిగ్గా ఉండి అంకెలు మారిపోయాయి. కౌంటరావిడ ఏమీ కెలకలేదు, ఏమీ వెనక్కి పెట్టలేదు.  అప్పటికి మధ్యాహ్నం భోజనాలవేళ.

అప్పుడే లేచి సుడిగాలి గదిలోకి వెళ్ళి ఉండాల్సింది. లేవబోయింది కూడా. కానీ తెర మీద చూస్తే ప్రోగ్రామంతా సగం విప్పి, సగం కలిపి, సామానంతా వీధిలో పడేసిన ఇల్లులా ఉంది. ఈ అవతారంలో తీసుకెళ్ళి చూపిస్తే ఏం బాగుంటుంది? ముందు ఆ కవలల్ని కలపడం పూర్తిచేసి, ఆ తర్వాత మరమ్మతు విడిగా, పరీక్షతో సహా పెట్టి, రేపు చూపిస్తే ఎవరూ వంకపెట్టలేరు. విచారణ శనివారం కదా, బోలెడు టైముంది. అలా అనుకుని కీబోర్డు ముందుకు లాక్కుంది. మధ్యలో శుక్రవారం అని ఒకటుందనీ, ఆ రోజు కూడా జనం రక్తం ఇస్తారనీ ఆవిడకి తట్టనేలేదు.

*

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అత్తగారు వంటింటి బల్ల దగ్గర చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. మొహం వెలిగిపోతోంది.

"అమ్మాయ్, నా రిపోర్టు భేషుగ్గా ఉందట! మీ ఆయన డాక్టరుకి ఫోన్లో చదివి వినిపించాడు. థైరాయిడ్ మాత్ర రేపట్నించి సగమే వేసుకోమన్నాడు."

చీపురక్క చెప్పులు విప్పకుండానే ఆగిపోయింది. "రిపోర్టు ఏదండీ? ఎక్కడ చేయించారు?"

అదే కేంద్రం. ఇవాళ పొద్దున్నే ఇచ్చారు. కాగితం చేతిలోకి తీసుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది, కాగితాన్ని చూస్తే తెలిసిపోయేటట్టు. పేరు అత్తగారిదే. వయసు అత్తగారిదే.

"కౌంటర్లో చక్రం తిరిగిందా అత్తయ్యా?"

"చక్రమేంటే? నేను రక్తం ఇవ్వడానికి వెళ్ళాను గానీ చక్రాలు తిప్పడానికి వెళ్ళానా?"

"మాత్ర మాత్రం సగం చెయ్యకండి. పాతదే వేసుకోండి. రేపు పొద్దున్నే ఇంకోచోట చేయిద్దాం."

"ఏం, ఈ రిపోర్టుకేం రోగం?"

భర్త పక్కగదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఊళ్ళో బస్సు నడిపే మనిషి, రోజంతా హారన్లు వినీ వినీ ఇంటికొచ్చాక మాట ఖర్చుపెట్టడు. అతను కూడా ఏమైందన్నట్టు చూసేసరికి చెప్పక తప్పలేదు. రద్దు సంగతి, లైను సంగతి, మిగిలిపోయిన జవాబు సంగతి, ఆ గ్లాసుల పోలికతోనే చెప్పింది.

అత్తగారు అంతా విని మూతి ముడుచుకుంది. "అంటే ఒకడు సగం తాగి వదిలేసిన గ్లాసు కడక్కుండా నా చేతికిచ్చారన్నమాట. ఎంగిలి జవాబు!"

"ఇచ్చారో లేదో తెలీదు. ఎప్పుడో గానీ అలా జరగదు. మీది మీదే అయ్యుంటుంది. ఎందుకైనా మంచిదని..."

"నాకు సరే, చెప్పడానికి నువ్వున్నావు. మరి మిగతావాళ్ళకో?"

"రేపు చెబుతానత్తయ్యా. పని ఒక కొలిక్కి వచ్చాక, అన్నీ సర్ది..."

"ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టుంది నీ వరస" అంది అత్తగారు, ఈనె ఒకటి లాగి పారేస్తూ. కోపంగా అనలేదు. కోడలి పద్ధతి ఆవిడకి కొత్తా? పెళ్ళయి వచ్చిన వారానికే డబ్బాలన్నీ వరసలు మార్చి సర్దితే ఉప్పు కోసం ఇల్లంతా వెతుక్కున్న మనిషి.

చీపురక్క ఆ సాయంత్రం ఒక్కచోట కూర్చోలేదు. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. బట్టల అలమర తెరిచి మడతలు విప్పి మళ్ళీ మడతపెట్టింది. ఫోను తీసి కేంద్రం నంబరు దాకా వెళ్ళి, మేనేజరుకి ఏమని మొదలుపెట్టాలో తెలీక, యజమానితో చెప్పకుండా బయటివాళ్ళతో చెప్పకూడదు కదా అని గుర్తుతెచ్చుకుని పెట్టేసింది. ఆ గుర్తుతెచ్చుకోవడం కొంచెం హాయిగానే ఉంది.

*

శుక్రవారం కవలలు కలవడానికి సాయంత్రం దాకా పట్టింది. ఒక ముడి విప్పితే ఇంకోచోట ముడిపడింది. మధ్యలో భర్త ఫోను చేశాడు: రెండోచోట చేయించిన రిపోర్టు కూడా అచ్చం మొదటిదానిలాగే ఉందట, అత్తగారి అంకెలు అత్తగారివేనట. "అమ్మ సగం మాత్ర వేసుకుంది. ఇక నువ్వు స్థిమితంగా ఉండు" అన్నాడు. స్థిమితం రాలేదు సరికదా ఇంకా గాభరా ఎక్కువైంది. తమ ఇంట్లో గండం గడిచింది, బాగానే ఉంది. పొద్దుణ్ణించి ఆ కౌంటర్లో ఎన్ని కాగితాలు అచ్చయి ఉంటాయో!

సాయంత్రం సుడిగాలి గదిలో పరీక్ష నడిపి చూపించింది. దొండకాయ అడిగితే బెండకాయ. ఆయన నిలబడే చూశాడు. కూర్చుంటే టైము దండగ. చూసి, మొహం మీద చెయ్యి వేసుకున్నాడు.

"అబ్బా. ఆ వరస నేనే తీసేశాను. గుర్తుంది."

దాచుకోలేదు, అది ఆయనలో మంచిగుణం. తర్వాత గదిలో అటు నాలుగడుగులు ఇటు నాలుగడుగులు వేశాడు.

"ఒక్క వరసే కదా చీపురక్కా. నీ శుభ్రంలో కలిపేసెయ్. పైన 'చిన్న చిన్న సర్దుబాట్లు' అని రాసెయ్. ఎవడూ చూడడు."

"శుభ్రంలో మరమ్మతు కలపకూడదండీ."

"అవును కదా, నీ సూత్రం!" ఆయన మొహం విచ్చుకుంది. "సరే, అలాగే కానీ. ముందు శుభ్రం, తర్వాత మరమ్మతు. శుభ్రం పూర్తిగా అవనీ, అందరికీ వెళ్ళనీ, ఒక వారం చూద్దాం. ఆ తర్వాత మరమ్మతు నెమ్మదిగా పంపిద్దాం. ఈలోపు ఆ కేంద్రంవాళ్ళ గొడవ కూడా చల్లారిపోతుంది."

తన మాటే. ఒక్క అక్షరం పొల్లుపోకుండా తన మాటే. చీపురక్కకి చెవులు వేడెక్కాయి. నిన్న మధ్యాహ్నం కీబోర్డు ముందుకు లాక్కుంటూ తను అనుకున్నదానికీ ఈయన అంటున్నదానికీ తేడా ఏమిటో వెతుక్కుంది. తేడా ఒక వారం. అంతే.

"అక్కడ కౌంటరావిడ ఉద్యోగం పోతుందండీ రేపు."

"అది వాళ్ళ ఇంటి విషయం. మధ్యలో మనం వేలు పెట్టకూడదు."

"మధ్యలో ఉన్నది మనమేనండీ!"

గట్టిగానే వచ్చింది గొంతు. అద్దం అవతల ఇద్దరు ముగ్గురు తలెత్తారు. సుడిగాలి మొదటిసారి నడక ఆపి కుర్చీలో కూర్చున్నాడు.

"చూడక్కా, మందు మారి మనిషి పడిపోయాడు. ఇది మనదని మనంతట మనమే చెప్పామంటే, రేపు మన దగ్గర కొన్నవాళ్ళందరూ గుమ్మంలో ఉంటారు. ఇరవైమంది బతుకుతున్నారు ఇక్కడ. నువ్వూ అందులో ఉన్నావు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? మరమ్మతు చేద్దాం. నేను చెయ్యొద్దనడం లేదు. చాటింపు వెయ్యొద్దంటున్నాను."

"దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అన్నమాట" అంది చీపురక్క.

 మాట తగిలింది, ఆయన మొహం ఎర్రబడింది. "సోమవారం మాట్లాడదాం" అని ఫోను అందుకున్నాడు.

ఆవిడ సీటుకి వచ్చి కూర్చుంది. రెండ్రోజులు కష్టపడి సర్దిన శుభ్రాన్నంతా పక్కకి తోసేసింది. పాత ప్రోగ్రామునే తెరిచి, ఆ చిక్కుల మధ్యే, అసహ్యంగా, తొందర వాపసు అడుగున ఆ ఒక్క వరస చేర్చింది. దాంతోపాటు పరీక్ష పెట్టింది. పైన చిన్న చిన్న సర్దుబాట్లు అని రాయలేదు. 'రద్దు కొట్టినవాళ్ళ జవాబు ఇంకొకరికి వెళుతోంది; పరీక్షల కేంద్రంలో జరిగిన తప్పు ఇదే అయ్యుంటుంది' అని రాసింది. ఆ కేంద్రానికి మార్పులు పంపే హక్కు ఆవిడకీ ఉంది. పంపేసి, బొత్తిగా అలికిడి లేకుండా సంచీ భుజాన వేసుకుని బయటపడింది. ఇదంతా చెయ్యడానికి కాఫీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. గురువారం కూడా అంతే పట్టి ఉండేది.

*

శనివారం విచారణ మొదలయ్యే వేళకన్నా ముందే చేరింది. బస్సులో వస్తున్నంతసేపూ ఏం చెప్పాలో వరసగా పేర్చుకుంది: ముందు ప్రాక్సీ అంటే ఏమిటో, తర్వాత శుభ్రం చెయ్యడమంటే ఏమిటో, ఆ తర్వాత తప్పు ఎలా కనపడిందో. రెండుసార్లు సుడిగాలి ఫోను వచ్చింది. మూడోసారి ఎత్తి, "నేను కేంద్రానికే వెళుతున్నానండీ, చెప్పడానికి" అంది.  ఆయనే ఫోను పెట్టేశాడు.

వరండాలో బెంచీ మీద కౌంటరావిడ ఒక్కతే ఉంది. ఇస్త్రీ బట్టలు కట్టుకుంది, తల నున్నగా దువ్వుకుంది. చేతిలో కత్తెర లేదు. అటూ ఇటూ తిరుగుతున్న జనానికి ఇవాళ దారి చెప్పడం లేదు.

చీపురక్క పక్కన కూర్చుంది. "మీ తప్పేమీ లేదండీ. తప్పు మా ప్రోగ్రాముది."

ఆవిడ తల తిప్పి చూసింది. ఒళ్ళోని సంచీ తీసి పక్కన పెట్టింది. "ఏదీ, మళ్ళీ చెప్పండి."

చీపురక్క చెప్పింది. ఇంకో తెర దగ్గర ఎవరో ఓపిక లేక రద్దు కొట్టారు. వాళ్ళు అడిగిన అంకెలు లైన్లో మిగిలిపోయాయి. సరిగ్గా అప్పుడే ఈవిడ అచ్చుతీస్తున్న రిపోర్టులోకి అవి వచ్చి పడ్డాయి. లాప్‌టాప్ తెరిచి బెండకాయ, దొండకాయ కూడా చూపించింది. చూపిస్తూ, ఆవిడ తన రెండు చేతులూ పట్టుకుని చల్లగా ఉండమ్మా అంటుందేమోనని లోలోపల ఎదురుచూసింది కూడా. అబద్ధమెందుకు, మనిషన్నాక ఆశ ఉంటుంది.

"అయితే నేను అంకెలు దిద్దలేదు."

"లేదండీ."

"భయపడి వెనక్కి మార్చలేదు."

"మీరసలు ముట్టుకోనే లేదు."

 "నేనే చేసుంటానని నమ్మేశానమ్మా" అంది ఆవిడ. "మొదట్లో కాదు. మొదట్లో బాగా పోట్లాడాను. వెళ్ళి కళ్ళు చూపించుకున్నాను, బాగానే ఉన్నాయన్నారు. అయినా అందరూ ఒకటే మాట అంటుంటే ఎన్నాళ్ళని? పడుకుంటే నా చెయ్యే కనపడేది, అంకెల మీద పెడుతున్నట్టు. నిన్న మధ్యాహ్నం మేనేజరు కాగితం ముందు పెట్టాడు. ఒప్పుకుంటే కేసు దాకా పోనివ్వం, ఉద్యోగం ఒక్కటే పోతుంది అన్నాడు. సంతకం పెట్టేశాను. సాయంత్రం ఆ పడిపోయినాయన ఇంటికి కూడా వెళ్ళాను. ఆయన భార్య గుమ్మంలోనే నిలబెట్టింది. ఆవిడ చేతులు పట్టుకుని, నాదే తప్పు తల్లీ, నన్ను క్షమించు అని ఏడ్చి వచ్చాను."

చీపురక్క లాప్‌టాప్ మూసేసింది. 

"మీకెప్పుడు తెలిసింది?" అని అడిగింది కౌంటరావిడ. మామూలుగానే అడిగింది. ఏ రోజు రక్తం ఇచ్చారండీ అని కౌంటర్లో అడిగినట్టే.

ఇవాళే అనడానికి నోరు సగం తెరుచుకుంది కూడా. ఎవరొచ్చి కాదంటారు? నిన్న రాత్రే అన్నా నడుస్తుంది. 

"గురువారం."

"గురువారం పొద్దుపోయాకా?"

"మధ్యాహ్నానికే ఖాయమైందండీ."

"నిన్న పొద్దున్నుంచీ నేనిక్కడే ఉన్నాను. ఈ బెంచీ మీదే ఉన్నాను." ఆవిడ గొంతు పెంచలేదు. "ఎవ్వరికీ చెప్పలేదా?"

"మా ఆఫీసులో నిన్న సాయంత్రం చెప్పాను." అక్కడితో ఆపెయ్యొచ్చు. ఆపలేకపోయింది. "మా ఇంట్లో గురువారం సాయంత్రమే చెప్పాను. మా అత్తయ్య రిపోర్టు ఇక్కడిదే. మందు మార్చొద్దని..."

కౌంటరావిడ ఆవిడ మొహంలోకి పూర్తిగా చూసింది. నాలుగు తిట్టినా బాగుండేది.

"మంచిపని చేశారు. ఇంట్లో పెద్దావిడ కదా" అంది.

గది తలుపు తెరుచుకుంది. మేనేజరు తల బయటపెట్టి రమ్మని చెయ్యి ఊపాడు. కౌంటరావిడ లేచి, చెంగు సర్దుకుని, "ఈవిడ కూడా వస్తారు" అంది అతనితో. తర్వాత చీపురక్క వైపు తిరిగి మెల్లిగా అంది: "ఇప్పుడు నాకు చెప్పినట్టే చెప్పండి. ఏదీ వదలకుండా."

లోపల బల్లకి అవతల కేంద్రం పెద్ద డాక్టరు, పక్కన మేనేజరు. బల్ల మీద కౌంటరావిడ సంతకం పెట్టిన కాగితం. "మీరా? మీ వైపు ఏమీ లేదన్నారు కదండీ మొన్న!" అన్నాడు మేనేజరు. కుర్చీ చూపించారు గానీ చీపురక్క కూర్చోలేదు. కౌంటరావిడ కూడా కూర్చోలేదు, తలుపు దగ్గరే నిలబడింది. బస్సులో పేర్చుకున్న వరసంతా బుర్రలో అలాగే ఉంది: ప్రాక్సీ, శుభ్రం, మరమ్మతు. చీపురక్క వాటి జోలికి పోలేదు.

"ఈవిడ తప్పు కాదు, మా తప్పు. గురువారం మధ్యాహ్నం నాకు తెలిసిందండీ" అంది. "ఆ సాయంత్రమే మా ఇంట్లో చెప్పుకున్నాను. మీకు ఇవాళ చెబుతున్నాను."